అద్దెకున్నవాళ్లు రోజుకో రిపేరు చెబుతుంటే ఏం చేయాలి? బెంగళూరు చిన్న ఓనర్ల కోసం

బెంగళూరులో మన తెలుగు ఓనర్లు ఎక్కువగా రెండు రకాలు. కింద తాము ఉంటూ పైన మూడు నాలుగు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చినవాళ్లు ఒక రకం. వైట్‌ఫీల్డ్ వైపో ఎలక్ట్రానిక్ సిటీ వైపో లోన్ మీద ఒక ఫ్లాట్ కొని, ఈఎంఐకి ఆసరాగా ఉంటుందని అద్దెకిచ్చి, తాము ఇంకెక్కడో ఉండేవాళ్లు రెండో రకం. ఇద్దరికీ మేనేజర్ లేడు, ఆఫీసు లేదు, ఉన్నదల్లా ఒక ఫోన్. దానికి ఆదివారం పొద్దున్నే "అంకుల్, గీజర్ రావట్లేదు" అని వస్తుంది, మంగళవారం "కిచెన్‌లో కొళాయి కారుతోంది" అని వస్తుంది, శుక్రవారం రాత్రి పది దాటాక "గోడకి టీవీ బిగించుకోవచ్చా" అని వస్తుంది, ఈ మూడింటికీ మనం ఒకే విసుగుతో "చూద్దాం బాబూ" అంటాం.

అసలు చిక్కు అక్కడే ఉంది. రిపేరు వేరు, కోరిక వేరు. ఇల్లు ఇచ్చిన రోజు పనిచేస్తున్నది ఇవాళ పనిచేయకపోతే అది రిపేరు, ఇచ్చిన రోజు లేనిది ఇప్పుడు కావాలంటే అది కోరిక. మొదటిదానికి వెంటనే కదలాలి, రెండోదానికి తీరిగ్గా ఆలోచించి జవాబు చెప్పాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. కారే కొళాయిని నెల రోజులు నానబెడతారు, కిచెన్‌లో కొత్త షెల్ఫు మాత్రం మొహమాటానికి మర్నాడే వేయిస్తారు, ఆపైన "ఎంత చేసినా వీళ్లకి తృప్తి లేదు" అని వాపోతారు.

1. తాళాలు ఇవ్వకముందే ఏది ఎవరి ఖర్చో రాసుకోండి

మనం చేయించే 11 నెలల అగ్రిమెంట్ టైపింగ్ షాపువాడి దగ్గర ముందే తయారుగా ఉంటుంది, పేర్లూ అంకెలూ మార్చి ప్రింట్ తీసిస్తాడు. అందులో "చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్ద రిపేర్లు యజమానివి" అని ఒక్క లైను ఉంటుంది. ఏది చిన్నదో ఏది పెద్దదో ఎవరు చెప్పాలి? ఫ్లష్ ట్యాంక్ లోపలి సామాను మొత్తం మార్చాలంటే మీకది చిన్నది, వాళ్లకి పెద్దది.

చట్టం ఏమైనా తేలుస్తుందా అంటే, 1999 నాటి కర్ణాటక రెంట్ యాక్ట్ ఉంది గానీ బెంగళూరులో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దెలకి అది వర్తించదు. ఆ డబ్బుకి ఇప్పుడీ ఊళ్లో పీజీలో మంచం దొరకడమే కష్టం. కాబట్టి మీకూ టెనెంట్‌కీ మధ్య నిలబడేవి రెండే: 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్, మీరిద్దరూ సంతకం పెట్టిన కాగితం. ఆ చట్టం కూడా చాలా విషయాలు కాగితానికే వదిలేస్తుంది. అందుకే ఆ ఒక్క లైనుతో సరిపెట్టకండి.

దేన్ని చూసి రాయాలో తెలియకపోతే 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ చివర ఒక పట్టిక ఉంది, దాన్ని ముందు పెట్టుకోండి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అమల్లోకి రాదు, అయినా కాపీ కొట్టడానికి బాగా పనికొస్తుంది. గోడలు, శ్లాబు లాంటి కట్టడపు రిపేర్లు, సున్నం, తలుపులూ కిటికీల పెయింట్, పైపులు, కరెంటు వైరింగ్ ఓనర్‌వి అంటుంది. కొళాయిలూ వాటి వాషర్లూ, డ్రైనేజీ శుభ్రం చేయించడం, స్విచ్చులూ సాకెట్లూ, తాళాలూ గొళ్లేలూ, కిటికీ అద్దాలూ, ఆఖరికి గీజర్ రిపేరు కూడా టెనెంట్‌వి అంటుంది.

గీజర్ విషయంలో నేనైతే ఆ పట్టికని పాటించను. బోరు నీళ్లు వచ్చే ఏరియాల్లో గీజర్ పాడయ్యేది టెనెంట్ వాడకం వల్ల కాదు, నీళ్లలోని ఉప్పు వల్ల. రెండేళ్లుండి పోయేవాడి చేత ఎలిమెంట్ మార్పిస్తే వాడు అన్నిటికన్నా చవకది వేయించి పోతాడు, ఆ తర్వాత పడేది మీరే. గీజర్, మోటారు, పైపులు, వైరింగ్, చెమ్మ మీవి. వాషర్, బల్బు, జాలీలో ఇరుక్కున్న జుట్టు, పోగొట్టుకున్న తాళంచెవి వాళ్లవి. మధ్యలో మిగిలే సవాలక్షకి ఒక అంకె పెట్టుకోండి: "ఒక్కో రిపేరుకి కూలీతో కలిపి 500 రూపాయల లోపు అయితే అద్దెదారు, దాటితే మొత్తం యజమాని." అంకె మీ ఇష్టం, కానీ అంకె అంటూ ఉండాలి. అది ఉంటే చిన్నదా పెద్దదా అన్న వాదన పుట్టదు.

తాళాలిచ్చే రోజు ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీయండి. ప్రతి కొళాయీ తిప్పి, ప్రతి స్విచ్చూ వేసి, ఫ్లష్ నొక్కి, గీజర్ లైటు వెలిగించి, గోడ మీద ఇదివరకే ఉన్న మరకల్ని దగ్గరగా చూపించండి. కరెంటు మీటర్ రీడింగ్‌తో ముగించి ఆ వీడియోని అక్కడే వాట్సాప్‌లో వాళ్లకి పంపేయండి. సంపు నీళ్లు కావేరీవా, బోరువా, ఎండాకాలం ట్యాంకరు తెప్పించాల్సి వస్తుందా, వస్తే డబ్బులెవరివి అన్నవి కూడా ఆ రోజే చెప్పాలి. 2024 ఎండాకాలంలో ఈ ఊరు నీళ్లకి ఎంత అల్లాడిందో వాళ్లూ వినే ఉంటారు, దాచి లాభం లేదు.

2. ఫోన్ కాల్ వద్దు, మెసేజ్ పెట్టమనండి

మొదటి రోజే చెప్పాల్సిన మాట: "ఏదైనా పాడైతే ఫొటోనో చిన్న వీడియోనో తీసి వాట్సాప్‌లో పెట్టండి, నేను అదే రోజు జవాబిస్తాను. కరెంటు షాకు, గ్యాస్ వాసన, నీళ్లు పొంగడం లాంటివైతే మాత్రం అర్ధరాత్రైనా ఫోన్ చేయండి." ఈ రెండు వాక్యాలు చెబితే రాత్రి పది తర్వాత వచ్చే కాల్స్ చాలావరకు ఆగిపోతాయి.

మెసేజ్ వచ్చాక "సరే", "చూస్తా" అని వదిలేయకండి. తేదీ లేని జవాబు టెనెంట్‌కి జవాబు కాదు, మళ్లీ అడగమని చెప్పడమే. "చూశానమ్మా. ప్లంబర్‌తో మాట్లాడాను, గురువారం సాయంత్రం ఆరింటికి వస్తాడు. అప్పుడు ఇంట్లో ఎవరైనా ఉంటారా?" అని రాయండి. గురువారం ప్లంబర్ హ్యాండిస్తే, ఇస్తాడు కూడా, వాళ్లు అడగకముందే మీరే ఇంకో మెసేజ్ పెట్టండి. మనం 'గొడవ టెనెంట్' అని ముద్ర వేసేవాళ్లలో చాలామంది ఇదివరకటి ఓనర్ దగ్గర పదిసార్లు అడిగితే గానీ పని కాని అలవాటుతో వచ్చినవాళ్లే. చెప్పిన రోజుకి పని జరగడం రెండుసార్లు చూస్తే మూడోసారికి గొంతు తగ్గిస్తారు.

పోర్షన్లన్నిటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాలనిపిస్తుంది. నీళ్ల టైమింగులు, చెత్త బండి కబుర్ల వరకైతే ఫరవాలేదు. రిపేర్లు మాత్రం అందులోకి రానివ్వకండి. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకి కొత్త కొళాయి వేశారని గ్రూపులో తెలిసిందంటే, అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేని థర్డ్ ఫ్లోర్ వాళ్ల కొళాయి కూడా ఆ సాయంత్రానికే పాతదైపోతుంది.

3. ఏది ఇవాళ, ఏది ఈ వారం, ఏది ఆగుతుంది

ప్రాణానికి ముప్పు ఉన్నది, ఇల్లు పాడయ్యేది, వాళ్లకి రోజు గడవనిది... ఈ మూడూ అదే రోజు. గీజర్ ఆన్‌లో ఉండగా షవర్ ముట్టుకుంటే జిలజిలమంది అన్నారంటే అది గంటల్లో తేల్చాల్సిన విషయం. ముందు గీజర్ ఎంసీబీ (మీటర్ బోర్డులో ఆ లైన్‌కి ఉండే, లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) దించేయమనండి, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తింగ్ చూసేదాకా దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే ఆ రోజే పెట్టించండి, ఖర్చు గురించి రెండో ఆలోచన వద్దు.

గ్యాస్ వాసన వస్తోందంటే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ వేయడం గానీ ఆపడం గానీ చేయకుండా బయటికి వచ్చేయమనండి. ఎల్‌పీజీ ఎమర్జెన్సీ నంబర్ 1906. వీధంతా కరెంటు పోతే కరెంటు సంస్థ బెస్కామ్ 1912, కావేరీ నీళ్ల గురించీ మ్యాన్‌హోల్ పొంగడం గురించీ వాటర్ బోర్డు 1916. ఈ మూడు నంబర్లూ ఒక కాగితం మీద రాసి ప్రతి పోర్షన్‌లో మీటర్ బోర్డు పక్కన అంటించండి, మీదాకా వచ్చే ఫోన్లు కొన్ని తగ్గుతాయి.

చుక్కలు కారే కొళాయి, సరిగా పడని గొళ్లెం, చప్పుడు చేసే ఫ్యాన్ ఈ వారంలో అవ్వాలి. పెచ్చులూడిన పెయింట్, బీరువా తలుపు రంగు వెలిసిపోవడం వర్షాలు తగ్గేదాకా ఆగొచ్చు. అయితే ఆగుతుందన్న మాట కూడా చెప్పాలి: "వానల్లో పుట్టీ పెడితే నిలవదు, నవంబర్‌లో వేయిస్తాను" అంటే వింటారు. ఏమీ చెప్పకపోతే వారానికోసారి అడుగుతారు.

4. ప్లంబర్‌ని పిలిచే ముందు మీరే నాలుగు ప్రశ్నలు అడగండి

డబ్బు మిగిలినా పోయినా ఇక్కడే. ప్లంబర్ వచ్చి చూసి వెళ్లినందుకే విజిటింగ్ చార్జ్ తీసుకుంటాడు, ఏం పాడైందో మీకు తెలియకపోతే అతనేది చెబితే అదే నమ్మాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది చెమ్మ. సెకండ్ ఫ్లోర్ బాత్‌రూమ్ కింద, ఫస్ట్ ఫ్లోర్ సీలింగ్ మీద గోధుమరంగు మరక వచ్చి, సున్నం ఉబ్బి, ఒకరోజు అన్నం తింటుండగా పెచ్చు కంచంలో పడుతుంది. మేస్త్రీని పిలిస్తే "టైల్స్ అన్నీ పగలగొట్టాలి సార్" అంటాడు. వెంటనే తలూపకండి. ముందు కింద ఉన్నవాళ్లని అడగండి, తడి ఎప్పుడు పెరుగుతోందని. పైన స్నానాలయ్యాక పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతోందా, పైవాళ్లు ఊరెళ్లినా రాత్రింబగళ్లు ఒకేలా ఉందా, వాన పడ్డప్పుడే వస్తోందా? వానకే వస్తుంటే బాత్‌రూమ్‌కీ దానికీ సంబంధం లేదు, బయటి గోడ పగుళ్లూ సజ్జ కలిసే చోటూ చూడాలి. ఎవరూ లేకపోయినా ఒకేలా కారుతుంటే అది నీళ్లొచ్చే పైపు. పైన ట్యాంక్ దగ్గర ఆ బాత్‌రూమ్‌కి వెళ్లే వాల్వ్ ఒక రాత్రంతా కట్టేసి చూడండి, తడి తగ్గితే దొంగ దొరికినట్టే.

స్నానాలకే వస్తుంటే ఇంకో పరీక్ష ఉంది. పైవాళ్లని ఒకరోజు ఇంకో బాత్‌రూమ్ వాడుకోమని చెప్పి, జాలీని ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డతో గట్టిగా మూసి, నేల మీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టండి. 24 గంటల్లో కింద తడి వస్తే తప్పు టైల్స్ సందుల్లో ఉంది. రాకపోతే గుడ్డ తీసి ఆ నీళ్లు ఒక్కసారిగా వదలండి, అప్పుడు వస్తే జాలీ కింది ట్రాప్ (వాసన రాకుండా నీళ్లు నిలిచే వంపు) జాయింటులోనో డ్రైనేజీ పైపులోనో ఉంది. సందుల్లో తప్పైతే టైల్స్ పగలగొట్టకుండా పాత సిమెంటు గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే చాలాసార్లు ఆగిపోతుంది, రెండు రోజులు బాత్‌రూమ్ వాడకపోతే చాలు. ట్రాప్‌లో తప్పైతే ఆ మూల ఒక్కటి పగలగొడితే సరిపోతుంది. మొత్తం పగలగొట్టడం ఆఖరి మార్గం.

గీజర్‌కి అడగాల్సినవి: లైటు వెలుగుతోందా? వెలగకపోతే ఎంసీబీ, సాకెట్ చూడాలి. వెలుగుతున్నా నీళ్లు వేడెక్కకపోతే ఎలిమెంటో థర్మోస్టాటో పోయింది. వేసిన ప్రతిసారీ ట్రిప్ అవుతుంటే ఎలిమెంట్ పగిలి నీళ్లలోకి కరెంటు వదులుతోందని అనుమానించాలి, మళ్లీ మళ్లీ ఎంసీబీ ఎత్తి చూడొద్దని చెప్పండి. వేడినీళ్లు మాత్రమే సన్నగా వస్తూ లోపల బుడబుడమని చప్పుడొస్తుంటే ఉప్పు పేరుకుంది. బోరు నీళ్లు ఎక్కువగా వాడే బిల్డింగుల్లో ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యే ముందు గీజర్లన్నీ విప్పించి ఉప్పు గీకించి, లోపలి మెగ్నీషియం రాడ్ అరిగిపోతే మార్పించండి. ఒకే రోజు అన్నీ చేయిస్తే మెకానిక్ కూడా రేటు తగ్గిస్తాడు, డిసెంబర్ తెల్లవారుజామున మీ ఫోన్ మోగదు.

"నీళ్లు సన్నగా వస్తున్నాయి" అన్నప్పుడు, అన్ని కొళాయిల్లోనా ఒక్కదాంట్లోనా అని అడగండి. ఒక్కదాంట్లోనే అయితే కొళాయి మూతి దగ్గరుండే గుండ్రటి జల్లెడ విప్పమనండి. గుడ్డ పట్టుకుని చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. లోపల తెల్లటి రాళ్లపొడి, కాస్త ఇసుక, ఒక్కోసారి టెఫ్లాన్ టేప్ ముక్క కనిపిస్తాయి. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బిగిస్తే ధార మామూలుగా వస్తుంది. టెనెంట్ చేసుకోగలిగిన పనే ఇది, ఎలా విప్పాలో మీరు వీడియో కాల్‌లో చూపిస్తే చాలు. అన్ని కొళాయిల్లోనూ సన్నగా ఉండి, వాళ్లది పై అంతస్తైతే ట్యాంక్ ఎత్తు చాలట్లేదు, ప్రెజర్ పంపు పెట్టాలి. ఆ ఖర్చు మీది.

ఎంసీబీ పడిపోతోందంటే ఏ ఎంసీబీనో ఫొటో తీయమనండి. తర్వాత ఆ లైన్‌లో ప్లగ్గులన్నీ పీకేసి ఎంసీబీ ఎత్తి, ఒక్కోటీ పెట్టుకుంటూ రమ్మనండి. ఏది పెట్టగానే పడిందో అదే దోషి. చాలాసార్లు అది వాళ్ల పాత ఇస్త్రీ పెట్టె అయి ఉంటుంది, అప్పుడు రిపేరు వాళ్లది. ఏ ఒక్కదానికీ కాకుండా గీజర్, ఇండక్షన్ స్టవ్ కలిపి వేసినప్పుడే పడుతుంటే అది లోడు సమస్య: 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది.

5. పనివాళ్లు ఎవరు, ఇంట్లోకి ఎప్పుడు

టెనెంట్ తనే ఎవరినో పిలిపించి బిల్లు పంపడం, మీరు రేటు ఎక్కువైందనడం, ఈ గొడవ రాకుండా మీ ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు వాళ్లకిచ్చి, "నాకు చెప్పకుండా పిలిస్తే మాత్రం డబ్బు ఇవ్వను, ఎమర్జెన్సీ అయితే వేరు" అని ముందే తేల్చండి. ఒక్కో పనికీ ఇద్దరు మనుషులు తెలిసి ఉండాలి. ఉన్న ఒక్కడూ పండక్కి ఊరెళ్లాడంటే వారం వరకు ఫోన్ ఎత్తడు. మార్చిన పాత సామాను మీకు అప్పజెప్పమని పనివాడికి చెప్పండి, కొత్తది నిజంగా వేశాడో లేదో అప్పుడే తెలుస్తుంది. యాంగిల్ కాక్‌లు, కొళాయిలు, స్విచ్చుల్లాంటివి ఎస్‌పీ రోడ్ వైపు వెళ్లినప్పుడు ఒకే మోడల్‌వి కొన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే సగం రిపేర్లు అదే రోజు అయిపోతాయి.

మీ ఇల్లే అయినా, అద్దెకిచ్చాక చెప్పకుండా లోపలికి వెళ్లకూడదు. ఒకరోజు ముందు చెప్పి, పగలు, వాళ్లకి కుదిరిన టైముకి వెళ్లండి. ఆడపిల్లలే ఉండే పోర్షన్‌లోకి పనివాడిని ఒక్కడినే పంపకండి, మీరో మీ ఇంట్లోవాళ్లో వెంట ఉండండి.

డ్రైనేజీ చాంబర్ నిండిపోతే దాంట్లోకి మనిషిని దింపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాడు ఒప్పుకున్నా వద్దు. 2013 నాటి చట్టం ప్రకారం అది నేరం, లోపలి గ్యాస్‌కి నిమిషాల్లో ప్రాణాలు పోతాయి. రాడ్డుతో పోకపోతే జెట్టింగ్ మెషీన్ పిలిపించాలి. జాలీల్లోకీ ఫ్లష్‌లోకీ ఏం వేయకూడదో టెనెంట్లకి ఒకసారి చెప్పడం మొహమాటమనిపిస్తుంది, అయినా చెప్పాలి.

6. కోరికలకి మూడే జవాబులు

"చేయిస్తాను, అద్దె ఇంత పెరుగుతుంది." "మీరు చేయించుకోండి, వెళ్లేటప్పుడు వదిలేయండి లేదా విప్పుకుని గోడ సరిచేసి వెళ్లండి." "కుదరదు." ఏ కోరికైనా వీటిలో ఒకదాంట్లో పడాలి, "చూద్దాం" నాలుగో జవాబు కాదు. అద్దె పెంచడమంటే ఎక్కువ తక్కువ ఊహించి చెప్పకండి, ఖర్చుని 24 నెలలకో 36 నెలలకో పంచి నెలకెంత అవుతుందో చూపించండి. చాలామంది ఆ అంకె చూశాక "అలాగే ఉండనీండి అంకుల్" అంటారు, అది కూడా మంచిదే.

ఏసీ బిగించుకుంటామంటే ఒప్పుకోండి, కానీ ఆ పాయింట్‌కి విడిగా లైనూ ఎంసీబీ ఉన్నాయో లేదో మీ ఎలక్ట్రీషియనే చూడాలి, గోడకి కన్నం ఎక్కడ వేయాలో మీరే చూపించాలి. దోమతెరలు నన్నడిగితే కోరిక కాదు, ఈ ఊళ్లో చెరువుల దగ్గర ఉన్న ఇళ్లకి అది అవసరం, ముందే వేయించి అద్దెకివ్వడం నయం. గోడకి ముదురు రంగు వేసుకుంటామంటే నేనైతే కుదరదనే అంటాను, మళ్లీ తెలుపు చేయడానికి మూడు కోటింగులు పడతాయి.

ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్ ఈ మధ్య కొత్తగా వచ్చిన తలనొప్పి. పై ఫ్లోర్ బాల్కనీలోంచి పార్కింగ్‌లోకి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీస్తారు, వానకి తడుస్తూ ఉంటుంది. వద్దని తిడితే రాత్రిపూట వేలాడదీస్తారు. దానికన్నా పార్కింగ్‌లోనే 16 ఆంప్స్ పాయింట్ ఒకటి పెట్టించి, చిన్న సబ్‌మీటర్ బిగించి, యూనిట్‌కి బెస్కామ్ రేటే తీసుకోండి. ఈ స్కూటర్ల బ్యాటరీలు ఎక్కువగా 3, 4 యూనిట్లవే, మీకు పెద్దగా భారం కాదు, కొత్త టెనెంట్లు వెతుక్కుంటూ వచ్చే సౌకర్యం కూడా.

నీళ్లు ఎక్కువ కావాలనడం కూడా ఒక్కోసారి కోరికే. 2024 మార్చిలో వాటర్ బోర్డు తాగునీటితో కార్లు కడగడం, మొక్కలకి పోయడం నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. పార్కింగ్‌లో పైపుతో రోజూ కారు కడిగే పెద్దమనిషికి మీరు సొంతంగా నచ్చజెప్పనక్కర్లేదు, ఆ ఆర్డర్ ఫార్వర్డ్ చేసి బకెట్ చూపించండి.

7. మనవాళ్లే కదా అన్నచోట ఇంకా జాగ్రత్త

తెలుగు ఓనర్, తెలుగు టెనెంట్ అయితే మొదటి నెల్లోనే వరసలు కలిసిపోతాయి. "పిన్నీ, మీరు మా అమ్మలాంటివాళ్లు, ఆ కిచెన్ షెల్ఫులు కాస్త..." అని మొదలవుతుంది. ఇటువైపు నుంచీ అంతే, "మన అనంతపురం పిల్లాడే కదా, రెండు నెలలు గీజర్ లేకపోయినా ఏమనుకోడులే" అని మనం సాగదీస్తాం. పండక్కి బొబ్బట్లు పంపండి, ఉగాది పచ్చడి పంపండి, రిపేరు మాటలు మాత్రం వాట్సాప్‌లోనే తేదీతో సహా ఉండనివ్వండి.

కొందరు రిపేరు పేరు చెప్పి అద్దె ఆపేస్తారు. అక్కడ మీ పరిస్థితి ఏమిటో తెలుసుకోండి. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 108వ సెక్షన్ ప్రకారం, మీరు చేయించాల్సిన రిపేరు గురించి టెనెంట్ తెలియజేశాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, తనే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. అంటే చేయించినదానికి పట్టుకోవచ్చు, బిల్లుతో. అలిగి అద్దె మొత్తం ఆపేయమని అది చెప్పలేదు. కాబట్టి ఇలా రాయండి: "రిపేరు ఫలానా తేదీన చేయిస్తున్నాను. మీరు ఇప్పటికే చేయించి ఉంటే బిల్లు పంపండి, అది తీసేసి మిగతా అద్దె 5వ తేదీలోగా వేయండి." మీ వైపు తేదీలున్న మెసేజ్‌లు వరసగా ఉంటే ఇక్కడ మీకు భయం లేదు.

కోపమొచ్చి మోటారు స్విచ్ ఆపడం, మీటర్ దగ్గర ఫ్యూజు పీకడం మాత్రం చేయకండి. నీళ్లూ కరెంటూ ఆపిన ఓనర్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లినా కోర్టుకి వెళ్లినా ముందు తనే సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది, అద్దె బాకీ సంగతి వెనక్కి పోతుంది.

ఇన్ని చేసినా కుదరని మనుషులు ఉంటారు. వాళ్లతో వాదించి గెలవాల్సిన పని లేదు, 11 నెలలు నిండుతున్నప్పుడు రెన్యువల్ చేయడం లేదని అగ్రిమెంట్‌లో రాసుకున్న నోటీసు గడువు ప్రకారం రాతపూర్వకంగా చెప్పేయండి. కాగితంలో గడువే లేకపోతే నెలవారీ అద్దెకి చట్టం చెప్పే నోటీసు 15 రోజులు, కానీ పిల్లల స్కూలు మధ్యలో ఉన్నవాళ్లకి అంత తక్కువ ఇవ్వకండి.

8. డబ్బు ముందే పక్కన పెట్టండి

రిపేరు అనగానే ప్రాణం ఉసూరుమనడానికి కారణం, వచ్చిన అద్దెంతా మనదే అనుకుని ఖర్చు పెట్టేయడం. ఏడాదికి ఒక నెల అద్దె రిపేర్లదే అనుకోండి, పాత ఇల్లైతే ఇంకాస్త. ఆదాయపు పన్ను లెక్కలో కూడా అద్దె నుంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం నేరుగా తీసేస్తారు, మీరు రిపేర్లకి నిజంగా ఎంత పెట్టారో అడగరు, బిల్లులు చూపించక్కర్లేదు. ఆ మినహాయింపు మనకిచ్చేది ఇల్లు చూసుకోవడానికే.

9. ఖాళీ చేసేటప్పుడు

బెంగళూరులో వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు ఉంది. అగ్రిమెంట్‌లో ఉంటే పట్టుకోండి, లేకపోతే అడగకండి. పట్టుకున్నాక మళ్లీ గోడ మీద మేకు కన్నాలకీ క్రేయాన్ గీతలకీ విడిగా లెక్క కట్టకండి, అది పెయింట్‌తో పోయేదే. వాడకం వల్ల సహజంగా అరిగిందానికి టెనెంట్ బాధ్యుడు కాడని ఆ 1882 చట్టమే చెబుతుంది. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన తలుపు వేరు. వాటికి మొదటి రోజు తీసిన వీడియో పక్కన పెట్టి, కొత్తదాని ధర కాకుండా అది ఎంత పాతదో చూసి కోయండి.

మీటర్ రీడింగ్ ఫొటో తీసుకుని చివరి బెస్కామ్ బిల్లు కట్టించుకోండి. వాళ్లు గృహజ్యోతికి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) తమ ఆధార్‌తో మీ మీటర్ ఆర్ఆర్ నంబర్ (బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబర్) కలిపి ఉంటే, సేవా సింధు పోర్టల్‌లో ఆ లింకు తీసేయించాకే అడ్వాన్స్ తిరిగివ్వండి, లేకపోతే తర్వాత వచ్చేవాళ్లు దరఖాస్తు చేసుకోలేక మీకే ఫోన్ చేస్తారు. కోతలన్నీ ఒక్కొక్క లైనుగా రాసి వాట్సాప్‌లో పంపి, మిగతా డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ఖాతాలో వేయండి.